చార్లెస్ లాయిడ్ క్వార్టెట్ రీఇష్యూలు: కొనే ముందు చూడాల్సినవి

అమెరికన్ జాజ్ కళాకారుడు చార్లెస్ లాయిడ్ నలుగురి బృందం (క్వార్టెట్) ఆల్బమ్‌లు మళ్లీ విడుదలైన ముద్రణలే ఈ రీఇష్యూలు. 'ఫారెస్ట్ ఫ్లవర్', 'లవ్-ఇన్' 1960ల సైకెడెలిక్ రోజుల రికార్డులు కదా అని గిటార్ల హోరు ఆశిస్తే పొరపాటే. లాయిడ్ శాక్సఫోన్, ఫ్లూట్. కీత్ జారెట్ పియానో. జాక్ డిజానెట్ డ్రమ్స్. బేస్ మొదట సెసిల్ మెక్‌బీ, తర్వాత రాన్ మెక్‌క్లూర్. 1967 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ హాల్లో, రాక్ వినే కుర్రకారు ముందు వాయించిందీ ఈ సరంజామాతోనే.

జేబు చూసుకుని కొనేవారికి 1994లో రైనో అనే రికార్డు కంపెనీ తెచ్చిన సీడీ మేలు. 1966 మాంటెరీ జాజ్ ఉత్సవం నాటి 'ఫారెస్ట్ ఫ్లవర్'తో పాటు 1968 న్యూయార్క్ టౌన్ హాల్ కచేరీ ఆల్బమ్ 'సౌండ్‌ట్రాక్' కూడా అందులోనే ఉంది. రెండో దాంట్లో 'ఫారెస్ట్ ఫ్లవర్' బాణీ మళ్లీ వస్తుంది, ఈసారి మెక్‌క్లూర్ బేస్‌తో. పక్కపక్కనే వింటే తేడా తెలుస్తుంది.

సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే ఎంపీ3 వద్దు. ఆ పద్ధతి ప్రతి ఫైలుకూ మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం అతికిస్తుంది. 'ఫారెస్ట్ ఫ్లవర్' బాణీ మొదటి భాగం 'సన్‌రైజ్' నుంచి రెండో భాగం 'సన్‌సెట్'లోకి జారే చోట టక్కుమని తెగొచ్చు. నాణ్యత తగ్గని ఫైలు పద్ధతి ఫ్లాక్‌లో ఆ బెడద లేదు. ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య విరామం లేకుండా వాయించడం) ఆన్ చేసుకోండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి దాంట్లో కలిపేయడం) ఆపేయండి.

ఎల్పీ (వినైల్ రికార్డు) అయితే 180 గ్రాముల స్టిక్కర్ చూసి మురిసిపోకండి; బరువుకీ ధ్వనికీ పెద్ద సంబంధం లేదు. అసలు చూడాల్సింది నడుమ రంధ్రం. అది పక్కకి జరిగితే జారెట్ సాగదీసిన పియానో స్వరం ఊగుతుంది. శాక్సఫోన్‌కి ఎలాగూ కంపనం ఉంటుంది కాబట్టి అక్కడ ఈ లోపం దాగిపోతుంది. అందుకే పియానో ఒంటరిగా ఉన్న చోట పరీక్షించండి. ఊగితే కడిగి లాభం లేదు, మార్చుకోవాల్సిందే.

రికార్డు ఒక పక్క ముగిసే చోట మాత్రమే డిజానెట్ సింబల్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు తాళం) బరబరమంటే తప్పు అన్నిసార్లూ రికార్డుది కాదు. బయటి అంచున సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరుగెత్తే గాడి, లోపలికొచ్చేసరికి 21కి పడిపోతుంది. ముందు సూది అమరిక సరిచూడండి, ట్రాకింగ్ బరువు (సూది గాడి మీద మోపే బరువు) కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) కంపెనీ చెప్పిన పరిధిలో పైఅంచుకి తేండి.

ఇక బోనస్ ట్రాకుల మీద ఆశ పెట్టుకోవద్దు. 1978 ఫిబ్రవరిలో న్యూజెర్సీ లాంగ్ బ్రాంచ్‌లో, ఈ రికార్డులు తెచ్చిన అట్లాంటిక్ కంపెనీ గోదాము తగలబడి, విడుదల కాని టేపులు చాలావరకు బూడిదయ్యాయి.