కావలి ఎండలో ఉండి కూడా విటమిన్ డి లోపమా?

మా చెల్లి ఏడో నెలలో పురిటికి వచ్చినప్పటి నుంచీ నడుం నొప్పి, తొడల నొప్పి అంటూనే ఉంది. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనన్నారు చూడొచ్చినవాళ్లంతా. డాక్టరమ్మ మాత్రం రక్తపరీక్ష రాసింది. విటమిన్ డి 9 ng/mL (మిల్లీలీటరు రక్తంలో 9 నానోగ్రాములు) ఉంది. 20 కంటే తక్కువుంటే లోపం కింద లెక్క.

అమ్మ నమ్మలేదు. "మన కావలి ఎండకి కాకులే నీడకి పోతాయి. ఈ పిల్లకి ఎండ తక్కువయిందంటే ఏందమ్మా?" అంది.

ఎండ ఊరి నిండా ఉంది, నిజమే. చెల్లి ఒంటి మీద పడేదెప్పుడు? ఇంటి నుంచే ఉద్యోగం, పొద్దంతా ఏసీ గది. చర్మంలో విటమిన్ డి తయారు చేసే యూవీబీ కిరణాలు కిటికీ అద్దం దాటి రావు. బయటికెళితే చున్నీ, గొడుగు. పైగా పొద్దు బాగా పైకెక్కాకే ఆ కిరణాలు సరిపడా అందుతాయి. మే నెలలో ఆ వేళప్పుడు నిండు గర్భిణిని ఎండలో ఎవరు నిలబెడతారు? వడదెబ్బ తగిలితే ఇంకా ప్రమాదం. చామనఛాయ వాళ్లకి ఇంకా ఎక్కువసేపు ఎండ కావాలి. చేపల్లో, గుడ్డు పచ్చసొనలో కొంత దొరుకుతుంది గానీ, చెల్లికి చేపల పులుసు వాసనే పడటం లేదు.

నాకు భయమేసింది బిడ్డ గురించి. కడుపులో బిడ్డకి విటమిన్ డి అందేది తల్లి నుంచే. తల్లికి బాగా తక్కువుంటే బిడ్డ కూడా లోటుతోనే పుడుతుంది. అలాంటి పసిబిడ్డలకి రక్తంలో కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. తర్వాత ఎముకలు మెత్తబడి రికెట్స్ రావచ్చు, కాళ్లు వంకరపోవచ్చు. తల్లికేమో ఎముకలు, కండరాలు బలహీనపడతాయి. గర్భంలో బీపీ, షుగర్ వచ్చినవాళ్లలో ఈ లోపం ఎక్కువగా కనబడుతుందంటారు. అయితే మాత్రలతో అవి రాకుండా ఆగుతాయని గట్టిగా చెప్పలేం.

ఏఎన్ఎమ్ ఇచ్చే కాల్షియం మాత్రలో 250 యూనిట్ల విటమిన్ డి ఉంటుంది, రోజుకి రెండు వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వేసుకోకూడదు. చెల్లికున్న లోటుకి అది చాలదని డాక్టరమ్మ వారానికొకటి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ రాసింది. ఇది విని మీరు మెడికల్ షాపులో సొంతంగా కొనకండమ్మా. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులవుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎన్ని వారాలు వాడాలో డాక్టరే చెప్పాలి.

బిడ్డ పుట్టాక కూడా రోజుకి 400 యూనిట్ల చుక్కలు ఏడాది నిండేదాకా వెయ్యాలన్నారు. "తల్లిపాలుండగా చుక్కలెందుకు?" అని అమ్మ అడిగింది. పాలు తప్పకుండా ఇవ్వాలి, కాకపోతే వాటిలో విటమిన్ డి చాలా తక్కువ. ఇంకో మాట, చుక్కల మందు కంపెనీని బట్టి ఒక్కో బలంలో వస్తుంది. సీసా మారినప్పుడల్లా ఎంత వెయ్యాలో మళ్లీ అడిగి, దాంతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలిచి వెయ్యండి.