ఆ రాత్రి నేనెక్కడ పడుకున్నానంటే

పొద్దున్న ఏడుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త ఇవతల, ఒక మేడమీద వాటాలో టీ గ్లాసు పట్టుకుని కూచున్నాను. తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తితే ఒకాయన ముందు నా పేరు, పుట్టిన తేదీ అడిగాడు.

"ఆరింటి నుంచీ మీ ఇంటి దగ్గరే ఉన్నామమ్మా. మీరెక్కడున్నారు?"

మా ఇల్లు నెల్లిమర్ల దగ్గర. బస్సు మారి వెళ్లాలంటే రెండు గంటలు. "శ్రీకాకుళంలో" అన్నాను. "సరేనమ్మా, రాసుకుంటున్నాను" అని పెట్టేశాడాయన. గొంతులో విసుగు కూడా లేదు. టీ మీద మీగడ కట్టేసింది గానీ నాకు గుటక దిగలేదు.

నేను వెయిట్‌లిఫ్టర్ని. మావైపు ఆడపిల్లలు బార్ ఎత్తడం వింతేం కాదు. కొండవెలగాడ పేరు వినే ఉంటారు, మాది ఆ పక్క ఊరే. ఇటు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో స్నాచ్ 110, జెర్క్ 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. నేను పుట్టింది ఆ ఏడాదే. నాన్న ఆ పేరే పెడదామంటే నాయనమ్మ పడనీయక తన తల్లి పేరు పెట్టించింది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగమొచ్చింది, క్యాంపుకీ వెళ్లాను, దేశంలో డోపింగ్ పరీక్షలు చేసే నాడా వాళ్ల జాబితాలోకీ ఎక్కాను. ఆ జాబితాలోకి ఎక్కామంటే ఇక మన బతుకు ఫోన్లో ఉంటుంది.

చాలామందికి ఇది తెలియదు కాబట్టి చెబుతాను. మూడు నెలలకోసారి, రాబోయే మూడు నెలలకి ముందే, ఆడమ్స్ అనే వాళ్ల ఆన్‌లైన్ ఖాతాలో మనమెక్కడుంటామో వివరాలు నింపాలి. రోజుకో గంట చెప్పాలి, పొద్దున్న 5 నుంచి రాత్రి 11 లోపు ఏదైనా సరే. ఆ గంటసేపూ మనం చెప్పిన చోటే ఉండాలి. అందుకే అందరూ నిద్రలేచే వేళే పెట్టుకుంటారు. నాది ఆరు నుంచి ఏడు. దాంతోపాటు ప్రతి రాత్రీ ఎక్కడ పడుకుంటామో చిరునామా ఇవ్వాలి. మధ్యలో అనుకోకుండా ఎక్కడికైనా వెళ్తే ఆ గంట మొదలయ్యేలోపు ఫోన్లో మార్చుకోవచ్చు, రెండు నిమిషాల పని. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే రెండేళ్లు నిషేధం, తప్పు తీవ్రతను బట్టి ఏడాది దాకా తగ్గించొచ్చు. వెస్టిండీస్ ఆటగాడు ఆండ్రీ రస్సెల్‌కి 2017లో ఏడాది నిషేధం పడింది ఇందుకే. అమెరికా పరుగు వీరుడు కోల్‌మన్ టోక్యో ఒలింపిక్స్‌కి దూరమైందీ ఇందుకే. వాళ్ల ఒంట్లో మందు దొరికిందని కాదు, ఉంటామన్న చోట లేరని.

మరి ఆ రెండు నిమిషాల పని నేనెందుకు చెయ్యలేదు?

అతను శ్రీకాకుళం దగ్గర ఒక సచివాలయంలో సర్వేయరు. ఇప్పుడు మా ఆయన, అప్పటికింకా ఎవరికీ చెప్పని మనిషి. కులాలు వేరు. ఆ రోజు వాళ్లమ్మానాన్నలకి చూపిస్తానని తీసుకెళ్లాడు. వాళ్లు అతని అక్కగారింట్లో ఉన్నారు. మాటల్లో పొద్దుపోయి ఆఖరి బస్సు తప్పింది. వాళ్లక్క నాకు చాప, దుప్పటి ఇచ్చి తన పక్కనే పడుకోబెట్టుకుంది. రాత్రి 9:40కి యాప్ తెరిచాను. రాత్రి బస దగ్గర మా ఊరి పేరుంది, దాన్ని తీసేసి ఈ ఇంటి నంబరు కొట్టాలి. కొట్టలేకపోయాను. ఇది ఎవరెవరు చూస్తారో అనిపించింది. క్యాంపులో కోచ్‌కి తెలుస్తుందేమో, ఆఫీసులో మేనేజరుకి వెళ్తుందేమో, "ఫలానా పిల్ల ఫలానా రాత్రి పరాయి ఊళ్లో" అంటారేమో. ఆ వివరాలు రహస్యమనీ, పరీక్షలు పెట్టేవాళ్లు తప్ప ఇంకెవరూ చూడకూడదనీ శిక్షణలో చెప్పారు. విన్నాను గానీ నమ్మలేదు. పొద్దున్నే మొదటి బస్సుకి పోదామనుకుని యాప్ మూసేశాను. మొదటి బస్సూ తప్పింది.

ఆ పొద్దున్న మా ఊళ్లో ఏం జరిగిందో అమ్మ చెబితే తెలిసింది.

"ఇద్దరొచ్చినారే. ఒక మగాయన, ఒక ఆడమనిషి, సంచీలట్టుకోని. కూకోండని కుర్చీలేసినాను. టీ ఇస్తే వొద్దన్నారు. గంటసేపు గేటుకేసీ గడియారంకేసీ సూడ్డమే. నువ్వెక్కడంటే మీ పిన్ని ఇంటికెల్లిందన్నాను."

అమ్మ ఆ అబద్ధం నాకోసం ఆడలేదు. ఆమెకి నేను చెప్పి వెళ్లిన మాటే అది. వీధిలో కొందరు అప్పులవాళ్లనుకున్నారట, కొందరు పెళ్లిచూపులకి ముందుగా వాకబుకొచ్చారనుకున్నారట. వేరే ఊరైతే అక్కడితో సరిపోయేది. మా ఊళ్లో పాత లిఫ్టర్లు బోలెడుమంది. ఎదురింటి అన్న ఆ సంచీ చూడగానే పోల్చేశాడు. మధ్యాహ్నానికి టెస్టుకి పిల్ల దొరకలేదన్న మాట చెరువు దాకా పాకింది.

మా ఆటలో ఆ మాట ఊరికే పోదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మన ఆడ లిఫ్టర్లు ఇద్దరు డోపింగ్‌లో దొరికినప్పటి నుంచీ బరువులెత్తే ప్రతి పిల్లా ఒక అనుమానం మోస్తూనే ఉంది. షటిల్ ఆడేవాళ్లు టెస్టు తప్పితే మరిచిపోయారంటారు, మేం తప్పితే పారిపోయారంటారు.

నాడా నుంచి మెయిలొచ్చింది. వచ్చినవాళ్లు రాసిన నివేదిక కూడా జతచేశారు. నీలం గేటు, వాకిట్లో కట్టేసిన గేదె, ఎన్నింటికి తలుపు కొట్టారు, ఎవరు తీశారు, తల్లి ఏమంది, 6:56కి ఫోన్ చేస్తే నేనేమన్నాను, అన్నీ ఉన్నాయి. నా జీవితంలో ఒక్క గంట గురించి అంత నిజాయితీగా ఎవరూ రాయలేదు. సంజాయిషీకి 14 రోజులు గడువు.

సలహాలకి కొదవ లేదు. జ్వరమని డాక్టరు సర్టిఫికెట్ పెట్టెయ్యమంది ఒక సీనియర్. పాస్‌వర్డ్ పనిచెయ్యలేదని రాయమన్నాడు ఇంకొకతను. 2020లో పుజారా, జడేజా, రాహుల్, స్మృతి మంధాన, దీప్తి శర్మలకి ఇలాంటి నోటీసే వస్తే క్రికెట్ బోర్డు పాస్‌వర్డ్ ఇబ్బందే చెప్పిందట. వాళ్లకది నిజమే అయుండొచ్చు. నేను మాత్రం ముందురోజు రాత్రి యాప్ తెరిచాను, తెరిచిన సంగతి యాప్‌కి తెలుసు. పైగా దొంగ కాగితం పెట్టి దొరికితే అది టెస్టు తప్పినట్టు కాదు, విచారణని తప్పుదోవ పట్టించినట్టు. దానికి నాలుగేళ్ల దాకా పడొచ్చు. ఉన్నదున్నట్టు రాద్దామనుకున్నాను. కాకపోతే అలా రాయాలంటే ముందు ఇంట్లో చెప్పాలి.

ఒక సాయంత్రం నాన్న పశువులకి గడ్డి వేసి వచ్చాక, ఇంగ్లీషులో రాసుకున్న జవాబుని తెలుగులో చదివి వినిపించాను. "నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న వ్యక్తి అక్కగారింట్లో ఆ రాత్రి ఉన్నాను" అన్న చోట గొంతు పూడుకుపోయింది. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"ముందు మాకు సెప్పాల. తరవాత ఢిల్లీకి" అన్నాడు.

ఇంకేం అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్న అతని పేరు, ఊరు, ఇంటిపేరు అడిగాడు. ఇంటిపేరు విని కాసేపు ఊరుకున్నాడు.

ఈలోగా వీడియో వచ్చింది. "డోప్ టెస్టుకి డుమ్మా! పరారీలో లిఫ్టర్?" చివర్లో ఆ ప్రశ్నార్థకం ఒక్కటీ ఉంటే ఏదైనా అనేయొచ్చు కాబోలు. నాకు పతకం వచ్చినప్పుడు జంక్షన్‌లో కట్టిన ఫ్లెక్సీలోంచి నా బొమ్మ తీసుకున్నారు. పక్కనున్న నాయకుల్ని కత్తిరించి నా మొహం చుట్టూ ఎర్ర గుండ్రం గీశారు. చేసినతను ఫోన్ కూడా చేశాడు. "మీ వెర్షన్ ఒక బైట్ ఇచ్చెయ్యండి మేడమ్, బ్యాలెన్స్ చేసేద్దాం." ఇవ్వలేదు. రెండు రోజులాగి రెండోది వచ్చింది: "ఆ రాత్రి ఎక్కడ? ఎవరితో?" కింద కామెంట్లలో నాది ఏ కులమో, అతనిది ఏ కులమో వెతుకుతున్నారు. 2016లో రియోలో సింధు వెండి పతకం గెలిస్తే ఆమె కులమేమిటని గూగుల్‌లో తెగ వెతికారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. గెలిచినవాళ్లకే తప్పలేదు మరి.

మూడో వైపు నుంచి మా టీమ్ మేనేజరుగారు. ఏవో పోటీలకి విజయనగరం వచ్చి, విజ్జీ స్టేడియం బయట కారులో కూచోబెట్టి మాట్లాడారు. మంచాయనే. "డిపార్ట్‌మెంట్ పరువమ్మా. ఒక సారీ వీడియో పెట్టెయ్. పెళ్లి సంగతి ఎత్తకు. నేషనల్స్ దాకా ఆ అబ్బాయితో కనపడకు." నేను ఒప్పుకోకపోయేసరికి 2019 సంగతి తీశారు. పాండ్యా, రాహుల్ టీవీ షోలో ఏదో వాగారని ఆస్ట్రేలియా నుంచి వెనక్కి పిలిపించి, తరవాత ఒక్కొక్కరికి 20 లక్షలు జరిమానా వేశారు, నువ్వెంత అని. వాళ్లు నోరు తెరిచారు సార్, నేను తెరవలేదు కదా అన్నాను. మాట్లాడుతున్నంతసేపూ గేటు మీది పేరే కనపడుతోంది నాకు. ఆ విజ్జీ మా విజయనగరం రాజకుమారుడే, 1936లో ఇంగ్లండ్‌లో మన క్రికెట్ జట్టు కెప్టెన్‌గా ఉండి, క్రమశిక్షణ పేరుతో లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే ఓడెక్కించి పంపేశాడు. జట్టు పరువనే మాట మా ఊరికి కొత్తది కాదు. ఈ మాట ఆయనతో అనలేదులెండి.

అన్నది వేరే. ఒకసారి టెస్టు తప్పితే అది నేరం కాదనీ, దాన్ని బయటపెట్టే హక్కు నాడాకే లేదనీ, అలాంటప్పుడు నేనే కెమెరా ముందుకొచ్చి ఎందుకు చెప్పాలనీ కాగితం మీద రాసిచ్చాను. నా సొంత సంగతులకి ఆఫీసుకీ సంబంధం లేదని ఇంకో వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు. తర్వాతి క్యాంపుకి పేరు పంపారు, నాకది చాలు.

వీడియోల మీద యూట్యూబ్‌లో ప్రైవసీ ఫిర్యాదు పెట్టాను. లింకు ఒక్కటే సరిపోదు. ఎన్నో నిమిషంలో, ఎన్నో సెకనులో నా మొహముందో, మా ఇంటి గేటుందో విడిగా రాయాలి. అలా రాయాలంటే ఆ చెత్తంతా సెకను సెకనుకీ ఆపుకుంటూ చూడాలి, అదే కష్టం. తొలగించుకోమని పెట్టినవాడికి 48 గంటలిచ్చారు. మొదటిది వాడే తీసేశాడు. రెండోదానికి ఫిర్యాదుల అధికారికి రాశాను. 2021 ఐటీ నియమాల ప్రకారం అప్పట్లో 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాల్సి ఉండేది. చివరికి నా ఫొటో, గేటు పోయాయి. వీడియో ఉంది. ఇప్పుడందులో ఒక నల్లటి ఆకారం, కింద అదే ప్రశ్న. అప్పీలుకి 30 రోజులుంది గానీ ఓపిక లేక వదిలేశాను.

నేను ఎక్కువ భయపడింది అటు ఇంటివాళ్ల గురించి. కాబోయే మామగారు వీడియో రెండుసార్లు చూసి, "ఆ రాత్రి మనింట్లోనే ఉంది గదా, దానికేటి? పిలవండాడిని, నాను సెప్తాను" అని చొక్కా వేసుకోబోయారట. ఆయన్ని ఆపడానికి ఇంటిల్లిపాదీ తిప్పలు పడ్డారు.

నాడా జవాబు రెండు పేరాలు. మార్చుకునే వీలుండీ మార్చలేదు కాబట్టి ఇది మొదటి తప్పిదంగా లెక్క, ఆ తేదీ నుంచి 12 నెలలు. ఎవరింట్లో ఉన్నాను, ఎందుకున్నాను అన్నదాని మీద ఒక్క మాట లేదు. నేను ఏ కంటికి భయపడి ఆ రాత్రి యాప్ మూసేశానో, ఆ కన్ను దాన్ని చూసీ చూడనట్టు దాటేసింది. ఆ మెయిల్ నాన్నకి చూపించాను. "ఢిల్లీవోళ్లు నయం" అన్నాడు.

పెళ్లి అరసవల్లిలో, తక్కువమందితో. మా పెద్దనాన్న రాలేదు. ముందురోజు రాత్రే అత్తారింటి చిరునామా, వీధి గుర్తులు, మేడ మెట్లు ఏ పక్కనో కూడా యాప్‌లో నింపాను.

మూడోనాడు పొద్దున్న ఆరూ పదికి తలుపు కొట్టారు. అదే సంచీ. నేనప్పుడే బాత్రూమ్ నుంచి బయటికొచ్చాను, కాబట్టి శాంపిల్ ఇప్పట్లో లేదు. కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. అప్పటిదాకా వచ్చినావిడ నన్ను కంటిచూపు దాటనివ్వకూడదు. వంటింట్లోకెళ్తే వంటింటి గుమ్మంలో, పెరట్లోకెళ్తే పెరట్లో. ఇంటినిండా చుట్టాలు. ఒక పెద్దావిడ ఆమెని పెళ్లికూతురి తరఫు తోడుపెళ్లికూతురనుకుని జడలో పూలు పెట్టబోయింది. నేను వాళ్లు తెచ్చిన సీలున్న నీళ్ల సీసాలే ఒకటి తరవాత ఒకటి తాగుతున్నాను. మా అత్తగారు చెంబుతో మజ్జిగ తెచ్చి, వద్దంటే నొచ్చుకుని, కుర్చీ లాక్కుని మా ఎదురుగా కూచున్నారు. ఎనిమిదిన్నరకి పనైంది. రెండు సీసాల్లో పోసి, మూతలు టిక్కుటిక్కుమనేదాకా బిగించి, నంబరు సరిచూసి సంతకం పెట్టాను.

వాళ్లు మెట్లు దిగేదాకా చూసి అత్తగారు నా చెవి దగ్గరికొచ్చారు.

"ఏటమ్మా, రేపూ వొస్తారేటి? వొస్తే ముందు సెప్పు, నాలుగు ఇడ్లీలు ఎక్కువేస్తాను."