నార్సెట్ మెయిన్స్‌లో మార్కులు ఎక్కడ జారిపోతాయి, తొలి ఉద్యోగం దేన్ని చూసి పట్టుకోవాలి

ఫలితాలు వచ్చిన సంతోషం చల్లారకముందే ఇది రాసేయాలి. వచ్చే నార్సెట్‌కి, అంటే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాల పరీక్షకి, కూర్చున్న అక్కలు, చెల్లెళ్లు, తమ్ముళ్లు చాలామంది మళ్లీ అదే పొరపాటు వైపు నడుస్తున్నారు. ప్రిలిమ్స్ దాటిన పద్ధతిలోనే మెయిన్స్ కూడా దాటేయొచ్చనుకోవడమే ఆ పొరపాటు. ప్రిలిమ్స్ మార్కులు తుది ర్యాంకులో కలవవు, అక్కడ గట్టెక్కితే చాలు. మెయిన్స్‌లో ప్రతి తప్పూ ర్యాంకును కిందికి లాగుతుంది.

మెయిన్స్ తప్పిన ఒక స్కోరు లెక్క చూడండి. 160కి 160 పెట్టేశారు, 92 ఒప్పు, 68 తప్పు. తప్పుకి మూడో వంతు మార్కు కోత కాబట్టి 68లో మూడో వంతు అంటే 22.67 పోయి 69.33 మిగిలింది. జనరల్‌కి కావాల్సింది 80, ఓబీసీకి 72. సగానికి పైగా సరిగ్గా రాసినా అర్హతే రాలేదు. ఇక్కడ అందరూ చెప్పే మాట "తెలియనివి వదిలేయండి" అని. ఆ మాట సగమే నిజం. ఏమీ తెలియని ప్రశ్నకి గుడ్డిగా పెడితే నాలుగింట్లో సగటున ఒకటి తగిలి ఒక మార్కు వస్తుంది, మూడు పోయి అదే మార్కు పోతుంది, లెక్క సున్నా. ఒక్క ఆప్షన్ ఖాయంగా కొట్టేయగలిగితే కొంచెం లాభం కూడా ఉంది. అసలు దెబ్బ తగిలేది సగం తెలిసిన ప్రశ్నల్లో. సగం తెలిసినవాళ్ల చేయి ఎటు పోతుందో పేపర్ తయారుచేసేవాళ్లకి బాగా తెలుసు, సరిగ్గా అక్కడే ఒక ఆప్షన్ పెట్టి ఉంచుతారు.

ఈ వల ఎక్కువగా "మొదట ఏం చేస్తారు" ప్రశ్నల్లో ఉంటుంది. బ్లడ్ ఎక్కుతుండగా పేషెంట్‌కి చలి, నడుం నొప్పి వచ్చాయి. వార్డు అలవాటు ప్రకారం మన చేయి "డాక్టర్‌కి చెప్పడం" మీదికి పోతుంది. జవాబు ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపడం. ఆ తర్వాత సెట్ మార్చి నార్మల్ సెలైన్‌తో లైన్ నిలబెట్టడం, ఆ తర్వాతే డాక్టర్. డెలివరీ అయ్యాక గర్భాశయం మెత్తగా ఉండి బ్లీడింగ్ అవుతుంటే మొదట ఫండస్ (గర్భాశయం పైభాగం) మసాజ్. అదే ఫండస్ కుడివైపుకి జరిగి ఉందని ప్రశ్నలో ఒక్క మాట కలిపితే కథ మారిపోతుంది, మూత్రాశయం నిండి ఉంది, ముందు అది ఖాళీ చేయించాలి. మెగ్నీషియం సల్ఫేట్ మీద ఉన్న తల్లికి మోకాలి రిఫ్లెక్స్ పోయిందంటే మందు ఎక్కువైందని, ముందు డ్రిప్ ఆపాలి, విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ తర్వాత. యాంటీడోట్ పేరు గుర్తున్నవాళ్లే ఇక్కడ ఎక్కువగా పడిపోతారు.

లెక్కల్లో ఫార్ములా రాక మార్కులు పోవడం తక్కువ. డ్రాప్ ఫ్యాక్టర్ (ఆ సెట్‌లో మిల్లీలీటరుకి ఎన్ని చుక్కలో) చదవకుండా దిగడం వల్ల పోతాయి. లీటరు సెలైన్ 8 గంటల్లో ఎక్కాలంటే 20 చుక్కల సెట్‌తో నిమిషానికి 42, 15 చుక్కల సెట్‌తో 31. రెండూ ఆప్షన్లలో ఉంటాయి. కాలినవాళ్లకి ఎంత సెలైన్ ఎక్కించాలో చెప్పే పార్క్‌లాండ్ ఫార్ములా కూడా అంతే. 60 కిలోల మనిషికి 30 శాతం కాలితే 4 × 60 × 30 అంటే 7,200 మిల్లీలీటర్లు, అందులో సగం 3,600 మొదటి 8 గంటల్లో. ఆ 8 గంటలు లెక్కపెట్టేది కాలిన క్షణం నుంచి. రెండు గంటలు ఆలస్యంగా తీసుకొస్తే మిగిలింది ఆరు గంటలే, గంటకి 600. 450 అని గుర్తించినవాళ్లు ఫార్ములా తెలిసే తప్పు చేస్తారు.

పాత మెటీరియల్ సంగతి ఒక్కటి చెప్పి వదిలేస్తాం. మీ నోట్స్‌లో ఎఫ్‌ఐపీవీ (పిల్లలకిచ్చే పోలియో ఇంజెక్షన్) ఇంకా 6, 14 వారాల రెండు డోసులే ఉంటే ఆ పేజీ చించేయండి. 2023 జనవరి 1 నుంచి 9 నెలలకి మూడో డోసు ఉంది.

ప్రాక్టీసు సెక్షన్ కొలతలోనే చేయాలి. ప్రిలిమ్స్‌కి 18 నిమిషాల్లో 20, మెయిన్స్‌కి 45 నిమిషాల్లో 40, వెనక్కి వెళ్లకుండా. పోయిన ప్రతి ప్రశ్న పక్కనా "తెలియదు", "సగం తెలుసు", "సరిగా చదవలేదు" అని మూడింట్లో ఒకటి రాయండి. రెండోది ఎక్కువగా ఉన్న సబ్జెక్టే మళ్లీ చదవాల్సింది. రోజుకి మూడు గంటలు ఇలా నిజాయితీగా కూర్చునేవాళ్లకి ఉద్యోగం అడ్డు కాదు. నైట్ డ్యూటీ దిగి రెండు గంటలు పడుకుని పుస్తకం తీసేవాళ్లను "సీరియస్‌గా చదవడం లేదు" అనే హక్కు ఎవరికీ లేదు. ఉద్యోగం మానేసి హాస్టల్లో కూర్చుంటేనే ప్రిపరేషన్ అనే మాట నమ్మి చాలామంది జీతం, అనుభవం రెండూ పోగొట్టుకుంటున్నారు.

ఇక జీతం. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్‌ది కేంద్ర ప్రభుత్వ జీతాల్లో లెవెల్ 7, బేసిక్ 44,900. దాని మీద డీఏ, ఊరిని బట్టి హెచ్‌ఆర్‌ఏ. 7,200 ఉన్న నర్సింగ్ అలవెన్స్ డీఏ 50 శాతానికి చేరాక 9,000 అయింది. తెలంగాణ నర్సింగ్ ఆఫీసర్ స్కేలు 36,750 దగ్గర మొదలవుతుంది. ప్రైవేటు సంగతికొస్తే, సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకి 20,000కి తగ్గకుండా ఇవ్వాలంది. అమలు రాష్ట్రాల చేతిలో ఉండిపోయింది. ఫ్రెషర్ ఆఫర్ లెటర్‌లో అంతకంటే తక్కువ కనబడటం ఇప్పటికీ మామూలే, ఇది మనసుని కోస్తుంది. బేరమాడేటప్పుడు ఈ అంకెలు నోట్లో ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు, వెరిఫికేషన్ రోజు అవి మీ దగ్గర ఉండాలి.

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లకి నార్సెట్ రాయాలంటే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి, కాబట్టి చేరేముందే పడకల సంఖ్య అడగండి. బీఎస్సీ వాళ్లకి ఆ షరతు లేదు గానీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం ముందే చేతిలో ఉండాలి.

తెలంగాణ ప్రభుత్వ నర్సింగ్ పోస్టులు నింపే మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షకి గురిపెట్టినవాళ్లు తొలి ఉద్యోగాన్ని జీతంతో పాటు మార్కులతో కూడా తూచాలి. 2024లో 2,050 పోస్టుల నోటిఫికేషన్‌లో రాతపరీక్షకి 80, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకి 20. నిండిన ప్రతి ఆరు నెలలకి మామూలు ప్రాంతంలో 2, గిరిజన ప్రాంతంలో 2.5. అంటే గిరిజన ప్రాంతంలో రెండేళ్లు చేస్తే 10 మార్కులు. రాతపరీక్షలో 10 పెంచుకోవడం ఎంత కష్టమో మీకే తెలుసు. కార్పొరేట్‌లో రెండు వేలు ఎక్కువ ఇస్తున్నారని ఆ పోస్టు వదులుకోకండి. మానేసేటప్పుడు కూడా క్యాలెండర్ చూసుకోండి. మామూలు ప్రాంతంలో 11 నెలల 20 రోజులకి రాజీనామా ఇస్తే వచ్చేది 4 కాదు, 2. ఇంకో పది రోజులు ఆగి, చేరిన తేదీ, వదిలిన తేదీ, అది గిరిజన ప్రాంతమైతే ఆ మాట కూడా రాయించి, సంతకం, ముద్ర ఉన్న సర్వీసు సర్టిఫికెట్ తీసుకున్నాకే గేటు దాటండి.