నలభై ఏడో ఎపిసోడ్ రాసిన అనుభవం

మూడు సీజన్లు గడిచినా మా ఆసుపత్రి టీవీ సిరీస్‌లో రికార్డ్ రూమ్ పెద్దాయనకు పేరు పెట్టలేదు. మొదటి ఎపిసోడ్‌లో ఆయనకున్నవి రెండే డైలాగులు. పాత ఫైలొకటి తెచ్చిచ్చి, చేతిలోని టార్చిలైటు ఆర్పేసి వెళ్లిపోవాలి. ఆ రెండు ముక్కలూ ఆయన చెప్పిన తీరు నచ్చి మూడో ఎపిసోడ్‌కు మళ్లీ పిలిచారు. అక్కడ నైట్ డ్యూటీ హెడ్ సిస్టర్‌తో చిన్న గొడవ పెట్టారు. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. హీరో డాక్టరుకు ఎన్ని కష్టాలు తెచ్చిపెట్టినా చూసేవాళ్లు అడిగేది మాత్రం వీళ్లిద్దరి గురించే. వీళ్లకు ఒకరంటే ఒకరికి ఎందుకంత కోపం? అంత కోపం ఉన్నవాళ్లు రోజూ రాత్రి రెండింటికి అదే గదిలో ఎందుకు కలుస్తారు?

నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్, అంటే మొత్తం మీద నలభై ఏడోది, పూర్తిగా వీళ్లిద్దరి పాత కథ మీద నడపాలని చానెల్ వాళ్లు అడిగారు. మా హెడ్ రైటర్ మేడమ్ దాన్ని నాకిచ్చారు. టీమ్‌లో అందరికన్నా జూనియర్‌ని నేనే. ఎందుకిచ్చారో అప్పుడు అర్థం కాలేదు, ఎగిరి గంతేశాను. తర్వాత తెలిసింది, సీనియర్లు ముగ్గురూ వద్దన్నారట.

మొదటి పని ఎక్సెల్ షీటు. వాళ్లిద్దరి గురించి ఇప్పటిదాకా ఎవరు ఏమన్నా, వాళ్లే తమ గురించి ఏం చెప్పుకున్నా అంతా ఒకచోట రాయాలి. నలభై ఆరు స్క్రిప్టులు ముందేసుకుని కూర్చున్నాను. తొమ్మిది రోజులు పట్టింది. చివరికి చూస్తే ఇద్దరూ కలిసి ఉన్న సీన్లు ముప్పై ఒకటే, అన్నీ కలిపినా గంట కూడా లేదు. చూసేవాళ్లకేమో వాళ్లు పక్కింట్లో ఉన్నట్టే. ఆ మిగతా బంధమంతా ఎవరికి వాళ్లు ఇంట్లో కూర్చుని అల్లుకున్నదే. ఇప్పుడు నేను వెళ్లి "కాదు, జరిగింది ఇదీ" అని చెప్పాలి. అప్పుడు పట్టుకుంది టెన్షన్.

షీటులో ఎర్ర రంగు వేసిన గడులు కూడా తేలాయి. పెద్దాయన ఒకచోట ఇరవై రెండేళ్ల సర్వీసు అంటాడు, ఇంకోచోట ఆసుపత్రి గోడలకు మొదటిసారి రంగు వేసినప్పటినుంచీ ఉన్నానంటాడు. అదంత ముఖ్యం కాదు, పెద్దవాళ్లు అలాగే మాట్లాడతారు. అసలు చిక్కు సిస్టర్‌ది. పదకొండో ఎపిసోడ్‌లో సెలవడిగిన కుర్ర నర్సును "నా పెళ్లిరోజున కూడా డ్యూటీ చేశాను నేను" అని తిడుతుంది. ఇరవై ఎనిమిదో ఎపిసోడ్‌లో ఒక పేషెంటుతో "పెళ్లి చేసుకోలేదమ్మా, తీరిక దొరకలేదు" అంటుంది. రాసినవాళ్లు వేరు, ఎవరూ సరిచూసుకోలేదు. రెండూ టెలికాస్ట్ అయిపోయాయి.

ఆ గడిని పక్కన పెట్టేసి మొదటి డ్రాఫ్ట్ రాశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పెద్దాయన పగలు కూడా టార్చిలైటు ఎందుకు పట్టుకుంటాడో రాశాను. చీకట్లో తప్పిపోయిన తమ్ముడొకణ్ని పుట్టించాను. సిస్టర్ కోపమొస్తే చేతి గడియారం ఎందుకు తీసి బల్లమీద పెడుతుందో రాశాను. ఆయన జేబులో రెండు పెన్నులెందుకో కూడా వదల్లేదు. జనానికి నచ్చిన ప్రతి అలవాటుకూ ఒక సీను, ప్రతి సీనుకూ ఒక కన్నీటి చుక్క. మేడమ్ మొత్తం చదివి, కాగితాలు సర్ది, "ఇది కథ కాదు, సామాన్ల లిస్టు" అన్నారు.

ఆ సాయంత్రం ఆవిడ నాతో రెండు గంటలు మాట్లాడారు. బ్యాట్‌మ్యాన్ కథల్లో మంచుతుపాకీతో తిరిగే మిస్టర్ ఫ్రీజ్ గురించి మొదలుపెట్టారు. 1959లో కామిక్స్‌లో పుట్టినప్పుడు వాడు చలి తప్ప ఇంకేమీ లేని విలన్. 1992లో బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సిరీస్‌లో 'హార్ట్ ఆఫ్ ఐస్' అని ఒక్క ఎపిసోడ్ వచ్చింది. అర్ధగంట కూడా లేని ఆ ఎపిసోడ్ వాడికి జబ్బుపడ్డ భార్యనిచ్చింది. ఆమెను బతికించుకోవడానికే గడ్డకట్టించి దాచుకున్నాడు. ఆ తర్వాత కామిక్స్ వాళ్లు కూడా ఆ కథనే తీసుకున్నారు. "ఆ ఎపిసోడ్ చూసినవాళ్లకు తుపాకీ ఎలా పనిచేస్తుందో గుర్తుండదు, వాడు ఎవరికోసం ఏడుస్తున్నాడో గుర్తుంటుంది. నువ్వు తుపాకీ గురించి రాసుకొచ్చావు" అన్నారు మేడమ్.

పెళ్లి గొడవ సంగతి అప్పుడు బయటపెట్టాను. ఇరవై ఎనిమిదో ఎపిసోడ్‌లోని ఆ డైలాగును ఎవరూ గుర్తుపెట్టుకోరులే, వదిలేద్దామా అన్నాను. ఆవిడ నవ్వారు. ఆవిడ చెప్పిందేమిటంటే, 'చీర్స్' అనే అమెరికన్ కామెడీ సిరీస్‌లో ఫ్రేజియర్ అనే సైకియాట్రిస్టు ఒక సైడ్ క్యారెక్టర్. తన తండ్రి సైంటిస్టనీ, చనిపోయాడనీ అందులో చెప్పాడు. 1993లో అతని పేరుతోనే సొంత సిరీస్ మొదలైతే, అందులో తండ్రి నిక్షేపంగా ఉన్నాడు, పైగా రిటైరైన పోలీసు. 1995లో పాత సిరీస్ హీరో అతిథిగా వచ్చి ఇదేమిటని నిలదీస్తే, "అప్పట్లో ఆయనతో గొడవపడి ఉన్నాను, అందుకే అలా చెప్పాను" అంటాడు. తప్పును దాచలేదు వాళ్లు. అబద్ధం చెప్పడానికి కారణం వెతికారు, ఆ కారణంలో తండ్రీకొడుకుల కథ మొత్తం ఉంది.

'బ్రేకింగ్ బ్యాడ్' అనే అమెరికన్ క్రైమ్ సిరీస్ సంగతి నేనే ఎత్తాను, నాకూ కొంచెం తెలుసని చూపించుకోవద్దూ. 2009లో సాల్ అనే లాయరు మొదటిసారి వచ్చిన ఎపిసోడ్‌లో, ముసుగు మనుషులు ఎత్తుకుపోతే భయంతో ఇద్దరి పేర్లు అరుస్తాడు, ఇగ్నాసియో, లాలో అని. వాళ్లెవరో మళ్లీ ఎక్కడా చెప్పలేదు. 2015లో ఆ లాయరు పాత కథతో 'బెటర్ కాల్ సాల్' మొదలయ్యాక ఆ రెండు పేర్లకూ ఇద్దరు మనుషులు వచ్చారు. ఇద్దరూ ఆ సిరీస్‌కు వెన్నెముకలయ్యారు. నోరుజారిన మాట ఒకటి ఆరేళ్ల తర్వాత ఇంత కథ పెట్టింది.

"మరి నీ దగ్గరున్న ఎర్ర గడిని పారేస్తానంటావేం?" అన్నారు మేడమ్.

బస్సులో ఇంటికి పోతూ రెండు డైలాగులనూ పక్కపక్కన పెట్టుకుని మననం చేసుకున్నాను. పెళ్లిరోజున డ్యూటీ చేసింది. పెళ్లి చేసుకోలేదు. రెండూ నిజమైతే? పెళ్లి జరగాల్సిన రోజు అది. జరగలేదు. రాత్రికి యూనిఫాం వేసుకుని డ్యూటీకి వచ్చేసింది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది, పట్టించుకోలేదు.

అక్కణ్నుంచి కథ తనంతట తనే నడిచింది. వార్డులో ఎవరి ముందూ కంటతడి పెట్టలేక ఆవిడ రికార్డ్ రూమ్‌లోకి వస్తుంది. అక్కడ కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు ఫైళ్లు సర్దుతూ ఉంటాడు. చేతుల నిండా గోరింటాకుతో యూనిఫాంలో వచ్చిన మనిషిని చూసి ఏం మాట్లాడాలో తెలియక స్టూలు జరుపుతాడు. తెల్లవారేదాకా ఇద్దరూ ఫైళ్లు సర్దుతారు. అతను ఒక్క ప్రశ్న కూడా అడగడు. అది మర్యాద అనుకుంటాడు. ఆవిడకు ఆ రాత్రి కావాల్సింది ఒకే ఒక్క ప్రశ్న. "ఏమైంది?" అని అడిగితే చాలు. అడగలేదు. అందుకే ఆవిడ ఇరవై నాలుగేళ్లుగా అతణ్ని క్షమించలేదు, అందుకే ప్రతి రాత్రీ ఆ గదికి పోవడం మానలేదు.

ఇది మేడమ్‌కు ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పెళ్లి ఎందుకు ఆగింది?" అన్నారు. "చెప్పను" అన్నాను. "బాగుంది, మాకూ చెప్పకు" అని పెట్టేశారు.

ఇంకొకటి మిగిలింది. ఈ కథ ఇప్పుడెందుకు? జనానికి ఇష్టమని ఒక ఎపిసోడ్ ఖర్చుపెడితే సరిపోదు, అసలు కథ ఒక్క అడుగైనా కదలాలి. 2023లో వచ్చిన అమెరికన్ సిరీస్ 'ద లాస్ట్ ఆఫ్ అస్' మూడో ఎపిసోడ్ దాదాపు మొత్తం ఇద్దరు పక్క పాత్రల జీవితమే. అయినా వాళ్లు పోతూ వదిలిన ఉత్తరమూ బండీ హీరోను తర్వాతి దారిలో పడేస్తాయి. మాకు డ్యూటీ రిజిస్టరు దొరికింది. రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఆ గదిని మూసేస్తున్నారు. ఉద్యోగం వదిలేద్దామా అని ఊగుతున్న మా హీరో డాక్టరు పాత రిజిస్టరులో ఆ తేదీ చూస్తాడు, సిస్టర్ సంతకం చూస్తాడు.

రెండో డ్రాఫ్ట్ నుంచి ఏడో డ్రాఫ్ట్ దాకా జరిగిందంతా చెబితే విసుగొస్తుంది. డైరెక్టరుగారితో పడ్డ ఒక్క పేచీ మాత్రం చెబుతాను. రికార్డ్ రూమ్‌లో కరెంటు పోవాలన్నారాయన, చీకట్లో ఇద్దరి ముఖాలు బాగుంటాయని. కుదరదన్నాను. కరెంటు పోతే వెలుతురు కావాలి, వెలుతురు కావాలంటే ఎవరో ఒకరు టార్చిలైటు తీయాలి, తీశారంటే జనం "ఓహో, ఇందుకా" అనేస్తారు. పారేసిన సామాన్ల లిస్టు కిటికీలోంచి మళ్లీ లోపలికొస్తుంది. ఆయన నామీద రెండు రోజులు అలిగారు.

టార్చిలైటు గురించి నాకు అంత పట్టుదల రావడానికి కారణం పెద్దాయన వేషం వేసే నటుడు. మొదటి డ్రాఫ్ట్ ఆయన చేతికి ఎలాగో చేరింది. సెట్‌లో పక్కకు పిలిచి, "అమ్మా, ఈ లైటు ఎందుకు పట్టుకుంటానో నాకు నాలుగేళ్లుగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నువ్వు రాసేస్తే నాది నేను పారేసుకోవాలి" అన్నారు. కోప్పడలేదు, బతిమాలారు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

వయసు సమస్య కూడా వచ్చింది. 'బెటర్ కాల్ సాల్' కథ పాత సిరీస్‌కన్నా ఆరేళ్లు ముందుది కాబట్టి పెద్దవాళ్లయిన నటులతోనే లాక్కొచ్చారు. మాది ఇరవై నాలుగేళ్లు. మేకప్‌తో అయ్యే పని కాదు, కుర్రవాళ్లను తీసుకున్నారు. సిస్టర్ చిన్నప్పటి వేషానికి వచ్చిన అమ్మాయి మూడు సీజన్లూ చూసి, గడియారం తీసి బల్లమీద పెట్టడం అచ్చుగుద్దినట్టు నేర్చుకుని వచ్చింది. సీనియర్ ఆవిడ రిహార్సల్ చూసి, "బాగా చేశావు కానీ తీసెయ్యి. అప్పటికి నాకింకా ఆ అలవాటు రాలేదు" అంది. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. షూటింగ్ రోజున మాత్రం గడియారం మీద ఒకసారి చెయ్యి వేసి, తీయకుండా ఊరుకుంది. నేను స్క్రిప్టులో రాసింది కాదది. నా ఎపిసోడ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన షాట్ అదే.

మొదటి కట్ యాభై రెండు నిమిషాలు వచ్చింది, ఉండాల్సింది నలభై మూడు. పెళ్లికొడుకుది ఒక సీను ఉండేది, పట్టుబట్టి రాసుకున్నాను. ఎడిటర్ దాన్ని తీసేసి చూపించాడు. అతను కనిపించకపోతేనే బాగుంది. ఒప్పుకోవడానికి ఒక రాత్రి పట్టింది.

టెలికాస్ట్ రోజు నిద్రపోలేదు. తెల్లారేసరికి మెసేజీలు వచ్చిపడ్డాయి, చాలావరకు మంచివే. పెళ్లి ఎందుకు ఆగిందని ఎవరికి తోచింది వాళ్లు రాశారు, అందులో రెండు నేను అనుకున్నదానికంటే బాగున్నాయి. పదకొండు గంటలకు మేడమ్ నుంచి ఒక వాక్యం వచ్చింది: "పంతొమ్మిదో ఎపిసోడ్ చూశావా?"

చూశాను. గుండె జారిపోయింది. మా ఎపిసోడ్ చివర్లో, తెల్లవారాక, ఆ గుమాస్తా సిస్టర్‌ను సైకిలు వెనక ఎక్కించుకుని ఇంటిదగ్గర దింపుతాడు. పంతొమ్మిదో ఎపిసోడ్‌లో కాలికి కట్టుతో పడుకున్న పిల్లవాడితో అదే పెద్దాయన "నాకు సైకిల్ తొక్కడం రాదురా, నీ కాలు బాగయ్యాక నువ్వే నేర్పాలి" అంటాడు. స్క్రిప్టు తీసి చూస్తే అందులో ఆ మాటే లేదు. సెట్‌లో అప్పటికప్పుడు వేసిన డైలాగది. నేను తొమ్మిది రోజులు స్క్రిప్టులు చదివాను కానీ ఎపిసోడ్లు మళ్లీ చూడలేదు.

పెద్దాయన వేషం వేసే నటుడికి ఫోన్ చేశాను. "అవునమ్మా, నేనే వేశాను ఆ ముక్క. ఆ పిల్లాడు నిజంగానే భయపడుతున్నాడు షాట్‌లో" అన్నారు హాయిగా.

"మరి సైకిలు సీను పేపరు మీ చేతికిచ్చాను కదండీ, చదివారు కూడా. అప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు కదమ్మా."