పసిబిడ్డ చర్మానికి మార్కులేసే ముందు

వరంగల్‌లో నర్సింగ్ విద్యార్థులతో పసిబిడ్డల చర్మ పరీక్ష చేయిస్తుంటే, ఫారం నింపడం కన్నా చూడడం నేర్పడానికే ఎక్కువ టైం పడుతోంది.

ఈ ఫారంలో మార్కులేసేవి మూడు: పొడిబారడం, ఎర్రదనం, చర్మం చిట్లడం. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 3 అయితే చర్మం బాగున్నట్టు, 9 అయితే బాగా దెబ్బతిన్నట్టు. చిక్కంతా ఎర్రదనం దగ్గరే. ఒళ్లంతటిలో సగానికి తక్కువుంటే 2, సగం, ఆపైన ఉంటే 3. కానీ మన పిల్లల చామనఛాయలో అది తొందరగా కనబడదు. కిటికీ వెలుతురులో, అదే భాగాన్ని రెండో వైపుతో పోల్చి చూడాలి. మెడ, చంక, గజ్జల మడతలు విప్పకుండా వేసిన మార్కు నాకు లెక్కలోకి రాదు. బిడ్డకు చలి పెట్టకుండా ఒక్కో భాగమే తెరవాలి. నడుము కింద పుట్టుకతో వచ్చే నీలిమచ్చల్ని తప్పకుండా రాసిపెట్టాలి, లేకుంటే తర్వాత ఎవరైనా దెబ్బలనుకుంటారు.

ఇద్దరు విద్యార్థులు మాట్లాడుకోకుండా విడివిడిగా మార్కులేయాలి, తర్వాతే పోల్చుకోవాలి. నైట్ డ్యూటీ దిగిన పిల్లతో ఈ పని చేయించొద్దు. ఎర్రబడ్డ కళ్లకు సన్నటి పగుళ్లు ఆనవు, అన్నీ 1లే పడతాయి. దాన్ని బద్ధకమనడం అన్యాయం. ఫారంలో డ్యూటీ ఎన్నో గంటో రాసే గడి పెట్టండి. ఇద్దరి మార్కులు కలవకపోతే మొదట ఆ గడి చూడండి.