సూది పెట్టి చూశారా?

2021లో నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. జుట్టు మళ్ళీ వచ్చింది, బడికి వెళ్ళి పాఠాలు చెప్పుకుంటున్నాను. క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజూ రాత్రి వేసుకునే లెట్రోజోల్ మాత్ర ఒక్కటే మిగిలింది. 2024 వానల్లో పట్టుకున్న దగ్గు నెల దాటినా వదల్లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. నాలుగు కిలోలు తగ్గాను.

జబ్బు ఒంట్లో ఎక్కడైనా ఉందేమో చూసే పెట్ సీటీ స్కాన్ తీశారు. "ఛాతీ మధ్యలో గ్రంథులు వెలిగాయమ్మా. జబ్బు పాకింది, నాలుగో స్టేజీ. సోమవారం కీమో మొదలుపెడదాం" అన్నారు డాక్టరుగారు. మా ఆయన ఫైలు మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశారు. ఇంటికొచ్చేదాకా బస్సులో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"అక్కా, ఇంకో డాక్టరుకి చూపిద్దాం" అని ఆ రాత్రి చెల్లి ఫోన్ చేస్తే దాని మీద కోప్పడ్డాను. ఒకసారి నన్ను బతికించిన మనిషిని అనుమానించినట్టు కాదా అని. అసలు భయం అది కాదు. ఇంకొకరు కూడా అదే మాటంటే?

చెల్లి వినలేదు. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది కదా, అక్కడికి వెళ్దామంది. రిపోర్టు కాగితాలు చాలవు, స్కాన్ సీడీ, మొదటి ఆపరేషన్‌లో తీసిన ముక్కతో చేసి దాచిన స్లైడ్లు, మైనం బ్లాకులు కూడా కావాలని ముందే కనుక్కుంది. పాత ఆసుపత్రి ల్యాబులో ఎలా అడగాలా అని దారంతా నాలో నేనే అనుకుంటూ వెళ్ళాను. వాళ్ళు ఒక సంతకం పెట్టించుకుని డబ్బా చేతిలో పెట్టారు, అంతే. మూత తీసి చూశాను. చిన్న ప్లాస్టిక్ చట్రంలో తెల్లటి మైనం, అందులో రూపాయి బిళ్ళంత కూడా లేని, రంగు వెలిసిన ముక్క. పక్కన నంబరు. మూడేళ్ళ కిందట నా ఒంట్లోంచి తీసింది అదే.

అక్కడి డాక్టరమ్మ సీడీ అంతా చూసి అడిగిన మొదటి మాట, "సూది పెట్టి చూశారా?"

గ్రంథిలోంచి సూదితో కాస్త తీసి పరీక్ష చేశారా అని. లేదన్నాం.

పెట్ స్కాన్‌కి ఎక్కించేది ఒక రకం చక్కెర మందట. చక్కెర ఎక్కువగా తీసుకునే కణాలు వెలుగుతాయి. క్యాన్సర్ కణాలు అలా తీసుకుంటాయి, ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలూ తీసుకుంటాయి. "టీబీ అయి ఉండి కీమో ఇస్తే అది ఇంకా ముదురుతుంది. క్యాన్సరే అయినా ముక్క తీసి రిసెప్టర్లు, అంటే ఆ కణాల్లో హార్మోన్ల లాంటివి అతుక్కునే చోట్లు, మళ్ళీ చూడాలి. మొదట ఉన్నట్టే ఉంటాయని లేదు, మందు వాటిని బట్టే" అన్నారు. నాకు అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పారు.

మత్తిచ్చి నోట్లోంచి సన్నటి గొట్టం దింపి, దాని చివరున్న స్కాన్‌తో చూస్తూ గ్రంథిలోకి సూది పెట్టారు. ఈబస్ అంటారు. రెండు రోజులు గొంతు మండింది. రిపోర్టు వచ్చేదాకా పడ్డ టెన్షన్ ముందు ఆ మంట ఏపాటిది!

క్యాన్సర్ కణాలు లేవు. జీన్‌ఎక్స్‌పర్ట్ అనే టీబీ పరీక్షలో టీబీ అని వచ్చింది. టీబీ అన్న మాట విని ఆనందంతో ఏడుస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

ఆరు నెలల మందులు, ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేదాన్ని. ఆ మందు కొన్ని మాత్రల బలాన్ని తగ్గిస్తుందట. అందుకే నేను వేసుకునేవన్నీ ఇద్దరు డాక్టర్లకీ చూపించాను. మా పాత డాక్టరుగారు సూది రిపోర్టు రెండుసార్లు చదివి, "మంచి పని చేశారమ్మా" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు.

నాతోపాటు అదే రోజు సూది పెట్టించుకున్న ఒకావిడకి మాత్రం క్యాన్సరే అని వచ్చింది. కానీ ఆమెకు రిసెప్టర్లు మారాయి, దాంతో మందూ మార్చారు. నిన్న ఫోన్ చేశారు, అన్నం సయిస్తోందట, మెట్లెక్కగలుగుతున్నారట. వచ్చే నెల ఇద్దరికీ ఒకే రోజు స్కాన్. కలిసే వెళ్దామనుకున్నాం.