రిలేకి టంకం వేసిన శనివారం

పొద్దున ఆరున్నరకే గరాజ్ తలుపు ఎత్తాం. డాలస్ పక్కన ఆగస్టు నెలలో ఎనిమిది దాటితే అందులో నిలబడలేం. నాన్న బనియన్, లుంగీతోనే వచ్చి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఏదీ, ఆ పెట్టె తియ్యి" అన్నారు.

పెట్టె అంటే మా కారు హోండా ప్రెల్యూడ్ మెయిన్ రిలే, పెట్రోలు పంపుకి కరెంటు అందించే స్విచ్చు. గురువారం మధ్యాహ్నం ఇండియన్ గ్రోసరీ షాపు ముందు బండి స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. కీ రెండో మెట్టుకి తిప్పగానే ఇంజిన్ లైటు వెలిగి, వెనక నుంచి పెట్రోలు పంపు రెండు సెకన్లు ఝుయ్‌మని ఆగాలి. లైటు వెలిగింది, ఆ చప్పుడు రాలేదు. ఏళ్ళ తరబడి రోజూ విన్న చప్పుడు కదా, లేకపోతే ఇట్టే తెలిసిపోతుంది. అద్దాలు దించి, తలుపులు బార్లా తెరిచి నలభై నిమిషాలు నీడలో నిలబడ్డాం. లోపల వేడి కాస్త తగ్గాక ఒక్క తిప్పుకే లేచింది. ఎండకి ఆగి, చల్లబడితే లేచిందంటే ఈ వయసు బళ్ళలో ముందు చూడాల్సింది రిలేనే. అది డాష్‌బోర్డు కింద ఉంటుంది. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి అంతా దానికే తగులుతుంది. ఇన్నేళ్ళ వేడికీ చల్లదనానికీ ఏ టంకమైనా బీటలిస్తుంది.

బండి 2000 మోడల్ హోండా ప్రెల్యూడ్. రెండు తలుపులు, 2.2 లీటర్ల ఇంజిన్, 200 హార్స్‌పవర్, 5 గేర్ల మాన్యువల్. 2009లో, మొదటి ఉద్యోగం వచ్చిన మూడో నెలలో, 84,000 మైళ్ళ మీద కొన్నాను. ఇవాళ్టికి 2,31,000. పాప పుట్టాక ఇంటికి పెద్ద బండి వచ్చింది. ఎందుకంటే దీని ముందు సీటు వంచి వెనక పిల్ల సీటు బిగించడం నడుముకి పెద్ద పరీక్ష. అప్పుడు అందరూ అమ్మెయ్యమన్నారు. నా భార్య ఒక్కతే, "ఉండనీ, మనం మొదట తిరిగింది ఇందులోనేగా" అంది. ఆ మాట నేనెప్పుడూ మరిచిపోలేదు.

పది నంబరు పానాతో ఒక్క బోల్టు తీసి, ప్లగ్గు లాగితే రిలే చేతికొచ్చింది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. మూత తీసి బోర్డు నాన్నకిచ్చాను. ఆయన తెనాలిలో ముప్పై ఏళ్ళు రేడియోలు, ఆ తర్వాత టీవీలు బాగు చేశారు. షాపు మూసేసి పదేళ్ళయింది. బోర్డుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చూశారు. కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, నా భూతద్దం అడిగారు.

"చూడరా, ఈ కాలు చుట్టూ" అన్నారు.

చూశాను. టంకం గుబ్బ మధ్యలో ఇత్తడి కాలు, దాని చుట్టూ వెంట్రుక మందాన నల్లటి గీత, పూర్తిగా గుండ్రంగా. చూడ్డానికి అతుక్కునే ఉంది. వేడెక్కితే మాత్రం కాలు గుబ్బని వదిలేస్తుంది.

"డ్రై సోల్డర్. కొత్త రిలే ఎందుకు కొంటావు, దీనికేం రోగం?"

ఆయన చెయ్యి ఇప్పుడు కాస్త వణుకుతోంది. అందుకని మణికట్టు బల్ల అంచుకి ఆనించుకున్నారు. నేను బోర్డు పట్టుకున్నాను. ముందు పాత టంకం కరిగించి తీసేశాం. తర్వాత ఐరన్ మొన తడిగుడ్డకి తుడిచి, కాలుకి ఆనించి, నోట్లో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి అప్పుడు తీగ తాకించారు. గుబ్బ మీద వేస్తే పట్టదట, కాలు వేడెక్కాలి, దానంతటదే లాక్కోవాలి. కరిగిన టంకం కాలు చుట్టూ సర్దుకుని అద్దంలా మెరిసింది. "మెరిస్తే పట్టినట్టు. మసకగా ఉంటే మళ్ళీ చెయ్యి." ఇలా ఏడు కాళ్ళకి వేశారు. టంకం తీగలోని రోజిన్ పొగ వాసనకి నాకు మా షాపు బల్ల గుర్తొచ్చింది. ఆ బల్ల కింద కూర్చుని హోంవర్క్ చేసుకునేవాణ్ణి.

బిగించాక అద్దాలన్నీ ఎత్తేసి బండిని కావాలనే ఎండలో పెట్టాను. భోజనం చేసి, నాన్న ఒక కునుకు తీశాక, మూడింటికి వెళ్ళాం. స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. "మీరే తిప్పండి" అని కీ ఆయనకిచ్చాను. డ్రైవర్ సీట్లో కూర్చుని, చెవి వెనక్కి పెట్టి తిప్పారు. లైటు వెలిగింది. ఝుయ్‌మంది, ఆగింది. ఇంకో తిప్పుకి ఇంజిన్ లేచింది. నాన్న ఏమీ అనలేదు, కీ వదలకుండా అలాగే కాసేపు కూర్చున్నారు.

ఆయన్ని పక్క సీట్లోకి మార్చి ప్రెస్టన్ రోడ్డు మీద ఉత్తరానికి, ప్రోస్పర్ దాటి సెలైనా వైపు తీసుకెళ్ళాను. రోడ్డు ఖాళీ అయ్యాక రెండో గేర్లో ఒకసారి ఇంజిన్ వేగం నిమిషానికి 5,200 చుట్లు దాటించాను. అక్కడ దీని గొంతు మారుతుంది. "ఏమైంది?" అన్నారు నాన్న, సీటు అంచు పట్టుకుని. చెప్పాను: వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టు మీద రెండు రకాల లోబులు, అంటే ఉబ్బులుంటాయి, కింద స్పీడులో చిన్నవి పనిచేస్తాయి, పైకెళ్ళాక ఆయిల్ ఒత్తిడి ఒక పిన్నుని తోసి వాల్వుల్ని నొక్కే మూడు రాకర్లని కలిపేస్తుంది, అప్పుడు పెద్ద లోబు వాల్వుల్ని ఇంకా ఎక్కువ తెరుస్తుంది. ఆయన కాసేపు ఆలోచించి, "రేడియోలో బ్యాండు మార్చినట్టు" అన్నారు. నేనిన్నాళ్ళూ ఎంతమందికి చెప్పినా ఇంత బాగా చెప్పలేకపోయాను.

2025లో హోండా ప్రెల్యూడ్ పేరుతో మళ్ళీ కారు తెచ్చింది. అదీ 200 హార్స్‌పవరే, కానీ హైబ్రిడ్, మాన్యువల్ గేర్ లేదు. షోరూములో చూశాను, అందంగా ఉంది. నాకు మాత్రం ఎడమ కాలికి పని ఉండాలి. మన బండి మీద ఇప్పుడు పొగ పరీక్ష కూడా లేదు, టెక్సాస్‌లో 24 ఏళ్ళు దాటితే అక్కర్లేదంటారు. ఆ పరీక్ష ఉంటేనే బాగుండేదని నా అభిప్రాయం, ఏటా ఒకసారి ఇంజిన్ ఎలా ఉందో బయటివాళ్ళు చూసి చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ బాధ్యతంతా నాదే.

ఇంటికొచ్చి, ఇంజిన్ చల్లారాక ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూశాను. రెండు చుక్కల మధ్య సగానికి వచ్చింది. ఈ వయసులో ఆయిల్ తాగుతుంది, తాగనీ. తక్కువైతే ఆ పిన్నుని తోసే ఒత్తిడే ఉండదు కాబట్టి రెండు వారాలకోసారి తప్పకుండా చూస్తాను. అర లీటరు పోసి, 2009 నుంచి రాస్తున్న నోట్‌బుక్ తీశాను. ప్రతి ఆయిల్ మార్పు, రెండుసార్లు మార్చిన టైమింగ్ బెల్టు, క్లచ్చి, అన్నీ తేదీతో, మైళ్ళతో ఉన్నాయి. 'మెయిన్ రిలే, 7 కాళ్ళకి టంకం, నాన్న' అని రాస్తుంటే ఆయన భుజం మీదుగా తొంగి చూశారు.

"మిగతా కాళ్ళు బాగున్నాయని ముట్టుకోలేదు, అది కూడా రాయి. మళ్ళీ ఎప్పుడైనా ఆగితే ముందు వాటిని చూసుకో" అన్నారు.

రాశాను.